మూడు కాళ్ళ కుందేలూ, మా బీగిలూ

కుక్కను ఎంచుకోవడానికి ఎక్సెల్ షీటు వేసిన మగవాడికి ఇంట్లో గౌరవం మిగలదంటారు. నాకు ముందే లేదు కాబట్టి నష్టపోయిందేమీ లేదు. షీటులో వరసగా జాతుల పేర్లు. పక్కన గళ్ళు: ముక్కు, సైజు, పిల్లలతో నడత, బొచ్చు రాలడం, అరుపు, ఖర్చు, చెప్పిన మాట వినడం. ఒక్కో గడికి ఇన్నేసి మార్కులు. ముక్కుకు 35 ఇచ్చాను. చెప్పిన మాట వినడానికి 3. అది మరీ తక్కువంది మా ఆవిడ. "ఈ ఇంట్లో నా మాట వినని వాళ్ళు ఇప్పటికే ముగ్గురున్నారు, నాలుగోది చేరితే కొంపేం మునగదు" అన్నాను. ఆ మాట ఆవిడ మనసులో రాసిపెట్టుకుందని తర్వాత తర్వాత తెలిసింది.

కూడికలన్నీ అయ్యాక బీగిల్ తేలింది. నిజానికి మొదటిసారి తేలింది లాబ్రడార్. మార్కులు కాస్త అటూ ఇటూ జరిపితే బీగిల్ తేలింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే బాపతు మనిషిని నేను. నాకు తగ్గట్టు కుందేళ్ళ కుక్కనే పట్టాను.

మేముండేది వర్జీనియాలో, లౌడన్ కౌంటీలో, ఆల్డీ అనే చోట. పక్కనే ఆష్‌బర్న్. అక్కడ ఇళ్ళ మధ్య డేటా సెంటర్లున్నాయో, డేటా సెంటర్ల మధ్య ఇళ్ళున్నాయో చెప్పడం కష్టం. సాయంత్రం వాకింగుకు వెళితే ఇంగ్లీషుతో పనిపడదు. అలాంటి చోట వేటేమిటని మీరు అడగొచ్చు. జింకలు మాత్రం అడగలేదు. మా ఆవిడ పెరట్లో వేసిన గోంగూరను ఒక రాత్రి, చిక్కుడుపాదును ఇంకో రాత్రి నున్నగా మేసిపోయాయి.

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడు. ఫ్రంట్ రాయల్ నుంచి రోజూ కారేసుకుని వస్తాడు. అక్టోబరు వస్తే విల్లు, నవంబరు వస్తే తుపాకి. నా గోంగూర గోడు విని "మా వైపు ఒకసారి రా" అన్నాడు. నాలో వంశం మేలుకొంది. ఖమ్మం దగ్గర మా తాతగారికి తుపాకి లైసెన్సు ఉండేది. ఆయన పులిని కొట్టారని నేను అమెరికాలో చెబుతుంటాను. ఆ తుపాకి పేలింది మిరపతోటలో కోతుల్ని అదిలించడానికనీ, అదీ గాల్లోకేననీ మా నాన్నగారు చెబుతారు. ఆయన అమెరికా రాలేదు కాబట్టి ఇబ్బంది లేదు.

రాష్ట్రంవాళ్ళు ఉచితంగా నేర్పే వేట పాఠాలు విన్నాను, పరీక్ష పాసయ్యాను, లైసెన్సు కొన్నాను. అడవిలో మనిషిని చూసి జింకనుకోకుండా వేసుకునే నారింజ రంగు జాకెట్టు కొన్నాను. వర్జీనియాలో 2017 నుంచి దాని బదులు మెరిసే గులాబీ రంగు వేసుకున్నా చెల్లుతుంది. నా ఛాయకు గులాబీయే నప్పుతుందని మా అమ్మాయి అంది కానీ, తాతగారి పులి గుర్తొచ్చి ఒప్పుకోలేదు. తెల్లవారుజామున చెట్టుకు కట్టిన మంచె ఎక్కి కూర్చున్నాను. ఓ జింక వచ్చి నిలబడి నా వంక చూసింది. నేను దాని వంక చూశాను. నా చేతిలో విల్లుందన్న సంగతి మా ఇద్దరిలో ముందు దానికే గుర్తొచ్చింది.

పెద్దాయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నాకు సరిపడే ఇంకో దారి చెప్పాడు. బాణం తగిలిన జింక అక్కడికక్కడే కూలిపోదు, పరుగెత్తి ఏ పొదలోనో పడుతుంది. దాన్ని వెతికి పట్టకపోతే ప్రాణమూ వృథా, మాంసమూ వృథా. తాడుతో చేతిలో ఉన్న కుక్కచేత ఆ జాడ తీయించడానికి ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది. మంచి ముక్కున్న కుక్క ఉంటే సీజన్లో ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. అంటే కొట్టడం వాళ్ళ వంతు, వెతకడం మన వంతు. బాణం వెయ్యడానికి చెయ్యిరాని వాడికి వేటలో దొరికే గౌరవమైన ఉద్యోగం ఇదొక్కటేననిపించింది. పైగా మా అత్తగారు నీచు ముట్టరు. "నేను చంపడం లేదండీ, తప్పిపోయినవాళ్ళను వెతికిపెడుతున్నాను" అని ఆవిడతో చెప్పుకోవచ్చు.

మా ఆవిడకు మాత్రం ఇంకో రకంగా చెప్పాను. వేటకూ పనికొస్తుంది, ఇంట్లో పిల్లలకూ తోడుంటుంది, ఒకే ఖర్చులో రెండూ అన్నాను. "సోఫా కమ్ బెడ్ కొన్నప్పుడూ ఇదే చెప్పారు" అంది. అది కింద బేస్‌మెంట్‌లో ఉంది. కూర్చుంటే నడుంనొప్పి, పడుకుంటే మెడనొప్పి.

ముక్కు లెక్కన చూస్తే బ్లడ్‌హౌండే మొనగాడు. కానీ వంద పౌన్ల శాల్తీ చొంగ కార్చుకుంటూ టౌన్‌హౌస్ మెట్లెక్కడం ఊహించి మా ఆవిడ చీపురు వంక చూసింది. గాయపడ్డ జింక జాడ తియ్యడంలో జర్మనీ వాళ్ళ డాక్స్‌హుండ్‌కు గొప్ప పేరు. "పొట్టికాళ్ళవాళ్ళు ఇంట్లో ఒకరు చాలు" అంది. అలా బీగిల్ దాకా వచ్చాం. అమెరికన్ కెన్నెల్ క్లబ్బువాళ్ళు 1885 నుంచే నమోదు చేస్తున్న జాతి. రెండు కొలతలు: 13 అంగుళాల ఎత్తు లోపుది ఒకటి, 13 దాటి 15 లోపుది ఒకటి. 15 దాటితే ప్రదర్శనకు పనికిరాదు. ఇంగ్లండులో వీటి వెనక కుందేళ్ళ వేటకు కాలినడకనే పోయేవాళ్ళు, గుర్రం అక్కర్లేదు. గుర్రం కొనలేనివాడి వేటకుక్క అన్నమాట. ఆ మాట నాకు ఎంతో నచ్చింది, నా దగ్గరున్నది పాత క్యామ్రీ.

అన్నిటికీ మించి, అమెరికా జాతీయ బీగిల్ క్లబ్బువాళ్ళ 500 ఎకరాలకు పైబడిన పొలం ఎక్కడుందనుకున్నారు? మా ఆల్డీలోనే. ఎక్కడెక్కడి వాళ్ళో తమ బీగిళ్ళ గుంపుల్ని తోలుకొచ్చి అక్కడ పందాలు పెడతారు. నేను ఈ ఊళ్ళో ఇల్లు కొన్నది స్కూలు రేటింగు చూసి. జాతకంలో ఇదీ ఉందని అప్పట్లో బ్రోకరు చెప్పలేదు.

భోజనాల దగ్గర ఒక శాస్త్రం ముక్క కూడా వినిపించాను. స్కాట్, ఫుల్లర్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు కుక్కల స్వభావం మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసి 1965లో పుస్తకం వేశారు. వాళ్ళు ఎకరం నేలలో ఒక ఎలుకను వదిలి కుక్కల్ని తోలితే, బీగిళ్ళు నిమిషం లోపు పట్టేశాయట. ఫాక్స్ టెర్రియర్లకు పావుగంట పట్టింది. స్కాటిష్ టెర్రియర్లకు అసలు దొరకనేలేదు. "మనింట్లో ఎలుకల్లేవుగా" అంది మా ఆవిడ. రెండో ముక్క నేను చదవకుండా దాచాను, మా అమ్మాయి వెతికి తెచ్చి పైకి చదివింది. స్టాన్లీ కోరెన్ అనే ఆయన 1994లో రాసిన పుస్తకంలో, చెప్పిన మాట వినే తెలివిలో కుక్కలకు 79 ర్యాంకులిస్తే బీగిల్‌ది 72. "పరవాలేదు నాన్నా, ఎంసెట్‌లో నీ ర్యాంకు కంటే నయమే" అని ఓదార్చింది.

మా ఆవిడ చివరగా ఒకటి అడిగింది. 2022లో మా వర్జీనియాలోనే, కంబర్లాండ్‌లో, ప్రయోగశాలలకు బీగిళ్ళను పెంచి అమ్మే ఒక కేంద్రం నుంచి దాదాపు 4,000 కుక్కల్ని బయటికి తెచ్చి దేశమంతా ఇళ్ళకు పంచారు. తెచ్చుకుంటే అలాంటిదాన్ని తెచ్చుకుందాం అంది. ప్రయోగాలకు ఈ జాతినే ఎందుకు వాడతారంటే, సైజు చేతికి అందుతుంది, గుంపులో ఇమిడిపోతుంది, సూది గుచ్చినా కరవదు, మర్నాడు మళ్ళీ తోకాడిస్తుంది. మంచితనానికి ఇంత ఘోరమైన ప్రతిఫలం ఇంకే కుక్కకూ దొరికి ఉండదు. జవాబు తోచక "అవన్నీ ఇళ్ళకు చేరిపోయుంటాయి, మనకు పనిచేసే వంశంలోది కావాలి" అని గొణిగాను. "ఇంట్లో ఒక్కరైనా పనిచేసే వంశంలోవాళ్ళుంటే మంచిదే" అని ఒప్పుకుంది.

అందాల పోటీకి పెంచే బీగిళ్ళు వేరు, పొలాల్లో పరుగెత్తించే బీగిళ్ళు వేరు. రెండో రకం కోసం షెనండోవా లోయలో ఒక రైతు దగ్గరికి వెళ్ళాం. ఆయన నా జీతం అడగలేదు, అనుభవం అడగలేదు. "మీ పెరట్లో కంచె ఎంత లోతుంది?" అని అడిగాడు. ఎత్తు అనబోయి లోతన్నాడనుకుని, ఆరడుగుల ఎత్తని గొప్పగా చెప్పాను. ఆయన నా వంక జాలిగా చూసి పిల్లను చేతిలో పెట్టాడు. ఆయన సరిగ్గానే అడిగాడని మొదటి వారంలోనే, కంచె కింద సొరంగం చూశాక తెలిసింది.

పేరు విషయంలో నేను భైరవ అన్నాను. పిల్లలు పికిల్ అన్నారు. పికిల్ అయింది.

షీటులో 'అరుపు' అనే గడికి నేను 5 మార్కులే పెట్టాను, ఏ కుక్కయినా అరుస్తుందిలే అని. బీగిల్ అరుపు ఒకటి కాదు. మామూలు మొరుగుడు ఒకటి, మెడ సాచి ఏడ్చే ఊళ ఒకటి, జాడ దొరికినప్పుడు గొంతెత్తి కూసే కూత ఒకటి. ఈ మూడోది మైలు దూరం వినబడాలనే తరతరాలుగా ఏరి కోరి పెంచారు. కుక్క పొదల్లో కనబడకపోయినా, కూతను బట్టి వాసన తాజాదా పాతదా, జాడ తప్పిందా కలిసిందా అని వేటగాడు దూరం నుంచే చెప్పేస్తాడు. దీన్ని వాళ్ళు సంగీతం అంటారు. మా టౌన్‌హౌస్‌కు అటూ ఇటూ ఉమ్మడి గోడలు. కుడి గోడ అవతల ఒక తమిళావిడ పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతారు. వాళ్ళు పై షడ్జం అందుకోగానే మా పికిల్ ఇవతల నుంచి అందుకునేది. కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఫిర్యాదు చేసింది ఆవిడేననుకుని క్షమాపణ చెప్పడానికి వెళ్ళాను. "నేను చెయ్యలేదండీ. శ్రుతి బాగానే ఉంది, లయే కుదరడం లేదు" అన్నారు. ఫిర్యాదు ఎడమ గోడది.

ఇంట్లో మాత్రం ఈ మూడు అరుపుల తేడాను అందరిచేతా వల్లె వేయించాను. ఇది తాజా జాడ, ఇది పాత జాడ, ఇది ఆకలి అని. యూట్యూబ్ పెట్టి ఉదాహరణలతో సహా నేర్పాను. అంతగా నేర్పకుండా ఉండాల్సింది, ఎందుకో తర్వాత చెబుతాను.

కుందేళ్ళ వేట సిద్ధాంతం ఎంతో హాయిగా ఉంటుంది. ఇక్కడి కుందేలు తన చోటు వదిలి ఎక్కువ దూరం పోదు. కుక్క వెంటపడితే పెద్ద చుట్టు తిరిగి మళ్ళీ మొదటికే వస్తుంది. వేటగాడు పరుగెత్తనక్కర్లేదు, ఉన్నచోటే నిలబడితే చాలు. నవంబరు మొదట్నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా సీజను, మనిషికి రోజుకు 6 కుందేళ్ళు. నా ఒంటికి సరిపోయే ఆట ఇదేననుకున్నాను. ఒక సాయంత్రం కాలనీ చెరువు గట్టున పికిల్‌కు కుందేలు తగిలింది. సిద్ధాంతం అక్షరాలా నిజమైంది. కుందేలు చెరువు చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది. దాని వెనకే పికిల్ వచ్చింది. తాడు రెండో కొస నా చేతికి చుట్టుకుని ఉంది కాబట్టి నేనూ వచ్చాను, ఒక చెప్పుతో.

మా అత్తగారిది అమలాపురం. వేసవిలో వస్తారు. ఇంట్లో కుక్క ఉందని ఫోన్లో చెప్పే ధైర్యం లేక, కారులో చెబుదామనుకుని డల్లెస్ విమానాశ్రయానికి వెళ్ళాం. అందరూ బయటికి వచ్చేశారు, ఆవిడ రారు. ఎప్పటికో ముఖం ఎర్రగా చేసుకుని వచ్చారు. సామాను దగ్గర నిలబడి ఉంటే, కోటు తొడిగిన ఒక చిన్న కుక్క వచ్చి ఆవిడ పెట్టె పక్కన బుద్ధిగా కూర్చుందట. మొరగలేదు, మీద పడలేదు. "ఎంత మర్యాదస్తురాలో" అని మురిసిపోయి తల నిమరబోయారట. ఆ కూర్చోవడమే ఫిర్యాదని ఆవిడకేం తెలుసు? పెట్టె తెరిస్తే కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్ళు, తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు. రెండూ అక్కడే ఆగిపోయాయి. ఆవకాయ, ఆత్రేయపురం పూతరేకులు గండం దాటి వచ్చాయి.

ఇలా కూర్చుని పితూరీ చెప్పే బీగిళ్ళ దళం 1984లో లాస్ ఏంజెల్స్ విమానాశ్రయంలో మొదలైంది. వాటికి జార్జియాలోని న్యూనన్‌లో బడి ఉంది. తొలి పాఠాల్లో ఐదు వాసనలుంటాయి: ఆపిల్, మామిడి, నిమ్మజాతి పళ్ళు, పంది మాంసం, గొడ్డు మాంసం. కరివేపాకుదీ నిమ్మ కుటుంబమే. నిమ్మ, నారింజ తోటల్ని పాడుచేసే తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుందని రానివ్వరు. అత్తగారిని ఊరడిద్దామని కారులో ఇదంతా విడమరచి చెప్పాను. 2018లో అట్లాంటాలో హార్డీ అనే బీగిల్ ఈక్వడార్ నుంచి వచ్చిన పెట్టెలో కాల్చిన పంది తలకాయను పట్టుకుందని, దాంతో చూస్తే మన కేసు చిన్నదని కూడా చెప్పాను. శాకాహారికి చెప్పాల్సిన ఊరడింపు అది కాదని మా ఆవిడ మోచేత్తో తెలియజేసింది. ఇక కుక్క సంగతి ఎత్తలేకపోయాను. ఇల్లు చేరి తలుపు తియ్యగానే పికిల్ ఎదురొచ్చింది. అత్తగారు రెండడుగులు వెనక్కి వేసి "ఇక్కడిదాకా వచ్చేసిందేవిటర్రా!" అన్నారు.

రెండు రోజులు దానితో మాట్లాడలేదు. "కొల్లేటివైపు జోనంగి అని ఉండేదండీ అల్లుడుగారూ. ఒంటిమీద బొచ్చన్నది కనపడదు, మొరగను కూడా మొరగదు. కుక్కంటే అదీ" అన్నారు. కాదనలేకపోయాను.

జాడ నేర్పడానికి జింక రక్తం కావాలి. ఫ్రంట్ రాయల్ పెద్దాయన సీసాల్లో పోసి ఇచ్చాడు. గ్యారేజీ ఫ్రీజర్లో, ఇడ్లీపిండికి ఎడంగానే పెట్టాను. కర్రకు స్పాంజి కట్టి, రక్తంలో ముంచి, అడుగుకో చుక్క చొప్పున అద్దుకుంటూ పోవాలి. దాని వెంబడే జింక కాలి గిట్ట ఒకటి ఈడ్చాలి. గిట్టల మధ్య ఉండే గ్రంథి నుంచి వచ్చే వాసన నేలకు అంటుకుంటుంది. రక్తం ఆగిపోయిన చోట కుక్క ఆ వాసన పట్టుకునే పోతుంది. మొదట గంట పాతది, తర్వాత పూట పాతది, తర్వాత రాత్రంతా ఆరినది, ఇలా కష్టం పెంచుతూ పోవాలి. దారి మనకు గుర్తుండేందుకు కొమ్మలకు బట్టల క్లిప్పులు పెట్టాలి. మా ఆవిడ క్లిప్పులు ఒక్కొక్కటే మాయమవడం అలా మొదలైంది.

చీకటి పడేవేళ కాలనీ వెనక అడవిలో ఎర్ర చుక్కలు చల్లుకుంటూ, పెదవులు కదుపుతూ (అడుగులు లెక్కపెట్టుకోవాలి కదా) పోతున్నాను. పిల్లల దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చిన మన పెద్దలు గుంపుగా అటు నడకకు వచ్చారు. నన్ను చూసి ఆగిపోయారు. ఒకాయన చెప్పులు విడిచి దగ్గరికొచ్చి, "వాస్తు శాంతా బాబూ? మా కోడలింట్లోనూ ఈశాన్యం బాగోలేదు. ఎంత తీసుకుంటారు?" అని అడిగారు.

ఆ శనివారం నేను బయటినుంచి వచ్చేసరికి వంటింటి గట్టు మీద గాజుగ్లాసులు నాలుగు వరసగా పెట్టున్నాయి. "దానిమ్మ రసం గడ్డకట్టి ఉంటే బయటపెట్టి కరిగించానండీ, పిల్లలకిద్దామని" అన్నారు అత్తగారు. గరిట ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. నా ముఖం చూశారు, సీసా చూశారు, కాళ్ళ దగ్గర పూనకం వచ్చినట్టు గంతులేస్తున్న పికిల్‌ను చూశారు. ఒక్క మాటనలేదు. పసుపు నీళ్ళతో గట్టు కడిగారు, తలస్నానం చేశారు, దేవుడి దగ్గర చాలాసేపు కూర్చున్నారు. ఎవరి పేరు మీద ఏం మొక్కుకున్నారో ఇప్పటికీ చెప్పలేదు.

లేచి వచ్చి "దీన్ని నేను దారిలో పెడతానండీ" అన్నారు. పికిల్‌కు దద్దోజనం మొదలైంది. ఉప్పు లేకుండా, తిరగమోత లేకుండా. అది మహదానందంగా తింది. బీగిల్ దేన్నైనా మహదానందంగానే తింటుంది, పెట్టిన కంచంతో సహా. వారం తిరక్కుండా దేవుడి గది గంట మోగితే ఎక్కడున్నా వచ్చి గుమ్మంలో కూర్చోవడం నేర్చుకుంది. నేను నెలల తరబడి ఈల వేసి పిలిచినా రానిది. పశువుల డాక్టరమ్మ కుక్కకు పెట్టకూడనివని ఒక కాగితం ఇచ్చింది: ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్. అవి తీసేస్తే మా ఇంట్లో వంటే లేదు. పాయసంలో కిస్‌మిస్ వెయ్యడం అత్తగారు ఆరోజే మానేశారు. నాకు కిస్‌మిస్ ఇష్టమని పెళ్ళిచూపుల నుంచీ ఆవిడకు తెలుసు.

మొదటి ఫోను చలికాలం ఒక సాయంత్రం వచ్చింది. పెద్దాయన బావమరిది బాణం వేశాడు, జింక కనబడలేదు. దెబ్బ కడుపులో తగిలిందేమోనని అనుమానం. అలాంటప్పుడు తొందరపడి వెంటపడకూడదు, గంటల తరబడి వదిలేయాలి. లేకపోతే అది భయంతో ఇంకా దూరం పోతుంది. మర్నాడు తెల్లవారకముందే బయల్దేరాం. పెద్దదిక్కుగా మా అమ్మాయి తోడొచ్చింది. నేను నారింజ జాకెట్టు, నడుముకు టార్చిలైటు, మెడలో జీపీఎస్. పికిల్‌కు మెడలో పట్టీ, దానికి 30 అడుగుల తాడు.

బాణం దొరికిన చోట పికిల్ ముక్కు నేలకు ఆనించి తలెత్తకుండా ఎడమవైపు గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. నేను ఆపాను. గాయపడ్డ జింక పల్లానికి, నీళ్ళవైపు పోతుందని నేను ఎక్కడో చదివాను. వాగు కుడివైపుంది. తాడు కుడికి లాగాను. అది ఎడమకు లాగింది. నేను గట్టిగా లాగాను. అది కూర్చుంది. ఇరవై అయిదేళ్ళుగా మా ఆవిడ నన్ను గెలిచే పద్ధతి కూడా ఇదే కాబట్టి ఆ క్షణంలోనే నాకు అర్థం కావాల్సింది. అర్థం కాలేదు. ఎత్తుకుని వాగు దగ్గరికి తీసుకుపోయాను. అక్కడ అది నీళ్ళు తాగింది.

పెద్దాయన చాలాసేపు చూసి, "జింక వాసన నీకొస్తోందా, దానికొస్తోందా?" అని అడిగాడు. మా అమ్మాయి నా చేతిలో తాడు మెల్లగా తీసుకుంది. మళ్ళీ బాణం దగ్గరికి నడిపించి వదిలింది. గుట్ట ఎక్కారు, దిగారు, కంచె కింద దూరారు, ముళ్ళపొదల్లో మాయమయ్యారు. కాసేపటికి కూత వినబడింది, నేనే వల్లె వేయించిన తాజా జాడ కూత. పొదలో జింక చనిపోయి ఉంది. మా అమ్మాయి వంగి పికిల్ చెవుల వెనక గోకుతోంది. నేను చెట్టు పట్టుకుని నిలబడ్డాను. రక్తం చుక్కలుగా చల్లడం వేరు, అక్కడ పడి ఉన్న కళ్ళు చూడటం వేరు. "ఒకసారి కూర్చోండి సార్" అన్నాడు బావమరిది. అప్పటిదాకా నన్ను ఎవరూ సార్ అనలేదు.

తేరుకున్నాక మాత్రం జింక పక్కన తాడు పట్టుకుని నిలబడి ఫోటో దిగాను. చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా బాబాయి ఫారెస్టు డిపార్టుమెంటులో రేంజరుగా చేసి రిటైరయ్యాడు. నిమిషంలో ఫోన్ చేశాడు. అక్కడప్పుడు అర్ధరాత్రి అయుండాలి. "ముందు ఆ ఫోటో తీసెయ్ రా! 1972 చట్టం తెలుసా నీకు? బెయిలు కూడా దొరకదు!" ఇది వర్జీనియా బాబాయ్, ఇక్కడ లైసెన్సుతో కొట్టొచ్చు అన్నాను. "ఎక్కడైనా జింక జింకేరా" అని పెట్టేశాడు. ఆ గ్రూపులో మా నాన్నగారు కూడా ఉన్నారు. "తాతగారు చూస్తే సంతోషించేవారు. ఆయన కూడా కొట్టలేదు" అని రాశారు.

ఇక పూతరేకుల సంగతి. నా షుగరు అంచున ఉందని డాక్టరు తీపి మానమన్నాడు. పికిల్ బరువు మించిందని డాక్టరమ్మ తిండి తగ్గించమంది. 15 అంగుళాల బీగిల్ 30 పౌన్లు దాటకూడదు, మాది దాటింది. ఇద్దరికీ ఒకే వారంలో పథ్యం పడింది. అత్తగారి పూతరేకుల్లో నా వాటా అనుకున్నంతవరకు పాత ప్రింటరు అట్టపెట్టెలో, వేటబూట్ల కింద, మూత బిగించిన కాఫీ డబ్బాలో దాచాను. జింకతోలు ముక్క కూడా పైన కప్పాను, వాసన కలగలిసిపోతుందని. నా దృష్టిలో అది పరిపూర్ణమైన పథకం. కుక్క ముక్కు వాసనల్ని కలగలపదని, ఒక్కోటి విడివిడిగా చదువుకుంటుందని భోజనాల దగ్గర ఉపన్యాసం ఇచ్చింది నేనే.

ఒక ఆదివారం మధ్యాహ్నం గ్యారేజీలోంచి కూత. వంటింట్లో మా ఆవిడ చెయ్యి ఆపి వింది. "తాజా జాడ" అంది. మెట్ల మీద మా అబ్బాయి బాబిగాడు "అవును, తాజాదే" అన్నాడు. అందరూ దిగి వెళ్ళారు. పికిల్ పెట్టె దగ్గర ఆగలేదు. డబ్బాను ఒకసారి పలకరించి, ముక్కు నేలకు ఆనించి, గ్యారేజీ దాటి, హాలు దాటి, రెండు మెట్ల వరసలెక్కి, నేను మీటింగులో ఉన్న గది తలుపు తోసుకుని వచ్చి, నా కుర్చీ పక్కన బుద్ధిగా కూర్చుంది. అలా కూర్చోవడం ఎవరూ నేర్పలేదు. వెనకే అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ ముఖంలో డల్లెస్ నాటి బాకీ తీరిన తృప్తి కనబడింది. నేను కెమెరా ఆపేలోపు, "మీ మీసం మీద ఏదో తెల్లపొర ఉంది" అని మీటింగులో ఎవరో అన్నారు కూడా.

సీజను మళ్ళీ మొదలైంది. షీటు నా లాప్‌టాప్‌లో ఇంకా ఉంది. 'చెప్పిన మాట వినడం' గడిలో 3 తీసేసి, పక్కన కొత్త గడి పెట్టాను: 'ఎవరు చెప్పిన మాట'. ఆ గడిలో అత్తగారికి, మా అమ్మాయికి మంచి మార్కులొస్తున్నాయి. మొన్న పెద్దాయన ఫోన్ చేసి శనివారం తెల్లవారుజామున మీ అమ్మాయి ఖాళీయేనా అని అడిగాడు. నేనూ ఖాళీగానే ఉన్నానన్నాను. కాస్త ఆగి, "మంచిదే, కారు నడపడానికి ఒకరుండాలి కదా" అన్నాడు. అత్తగారు దారిలో తినడానికి రెండు డబ్బాలు కడతానన్నారు. దద్దోజనం పికిల్‌కు, ఓట్స్ ఉప్మా నాకు.